పిలవకుండా తిన్న భోజనం

గైక్ సిమ్‌కి మొండితనం పుట్టుకతో వచ్చింది. తక్కినవన్నీ అత్తగారు నేర్పినవే. గంజి కాచడం, చేప ముళ్ళు ఏరడం, బేరమాడేవాళ్ళ నోరు మూయించడం, వీటన్నిటికంటే ముందు భోజనానికి పెద్దవాళ్ళని పిలవడం.

ఆమె పుట్టిల్లు బాలిక్ పులావ్ కొండవాలులో, జాజికాయ తోటల మధ్య. గంపెడు పిల్లలున్న ఆ ఇంట్లో ఎవరి గిన్నె వాళ్ళు దక్కించుకోవడమే గొప్ప. పెళ్ళయి జార్జ్‌టౌన్‌కి కాపురానికి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం, మంచి ఆకలి మీద ఉండి, బల్ల ముందు కూర్చోగానే గిన్నె అందుకుని తినేసింది. ఎదురుగా ఉన్న అత్తగారు చేతిలోని అన్నం తినే పుల్లలు కింద పెట్టేసింది.  ఆ పూట తినలేదు, సాయంత్రమూ తినలేదు. చివరికి మొగుడు బూన్ తేక్ గైక్ సిమ్‌ని వంటింటి వెనక్కి పిలిచాడు.

"నువ్వు పిలవలేదే!"

"ఎవర్ని?"

"అమ్మని. 'మా, తినండి' అనాలి. ఆవిడ 'ఊఁ, తిను' అన్నాకే ముద్ద ఎత్తాలి. మీ ఇంట్లో లేదా ఇది?"

"మా ఇంట్లో ఒకళ్ళనొకళ్ళు పిలుచుకుంటూ కూచుంటే కుండ ఖాళీ అయిపోతుంది."

బూన్ తేక్‌కి నవ్వొచ్చింది కానీ, అమ్మ వింటుందేమోనని మింగేశాడు. ఐసు వ్యాను నడుపుకునే ఆ మనిషి పెళ్ళాం వైపూ తల్లి వైపూ ఏనాడూ మాట్లాడినవాడు కాదు. వ్యాను దగ్గరైనా ఇంతే, హారన్ కొట్టడానికి కూడా మొహమాటం.

ఆ రోజు నుంచి పిలుపు తప్పలేదు. అత్తాకోడళ్ళకి మాటల్లేని రోజుల్లో కూడా తప్పలేదు. అలాంటి రోజులు చాలానే ఉన్నాయి. చౌరస్తా బజారు పక్క సందులో వాళ్ళ గంజి బండి. బొగ్గుల పొయ్యి తీసేసి గ్యాసు పెడదామంది కోడలు. గ్యాసు మీద కాచింది గంజి కాదు, కుడితి అంది అత్త. వానల్లో మొదలైన ఆ తగవు చీనా కొత్త సంవత్సరం పండగ దాకా నడిచింది. ఇద్దరూ ఒకే బండి దగ్గర భుజం భుజం రాసుకుంటూ నిలబడి, గంజి తాగడానికి వచ్చినవాళ్ళ మీదుగా దెప్పుకునేవారు.

"తాగు తాతా, బొగ్గుల మీద కాచింది, ఒంటికి మంచిది" అని అత్తగారు.

"తాగు తాతా, మసి ఊరికే వేస్తాం, డబ్బులక్కర్లేదు" అని కోడలు.

మధ్యాహ్నం ఇంటికొచ్చాక మాత్రం బల్ల దగ్గర "మా, తినండి", "ఊఁ, తిను". అన్ని నెలలూ వాళ్ళిద్దరి మధ్య నేరుగా నడిచిన మాటలు అవే. పొయ్యి చివరికి మారింది. గంజి కుడితి కాలేదని అత్తగారు చచ్చినా ఒప్పుకోలేదు.

ఆ ఇంట్లో పోయినవాళ్ళని కూడా భోజనానికి పిలుస్తారు. మామగారి తిథికి ముందు గదిలో ఆయన ఫొటో ఎదుట ఆయనకి ఇష్టమైన కూరలన్నీ పెట్టి, అగరొత్తులు వెలిగించి, "పా, తినండి" అని పిలుస్తారు. కాసేపాగి రెండు నాణేలు నేల మీద వేసి అడుగుతారు, తినడం అయిందా అని. ఒకటి బొమ్మా ఒకటి బొరుసూ పడితే అయినట్టు. రెండూ ఒకేలా పడితే ఇంకా తింటున్నట్టు, మళ్ళీ కాసేపు ఆగాలి. మామగారు తొందరగా తేల్చేవాడు కాదు. నాణేలు వేసినప్పుడల్లా రెండూ ఒకేలా పడేవి.

"బతికున్నప్పుడూ ఇంతే. కొత్తిమీర కాడ కూడా వదిలేవాడు కాదు. తిననీ, మనకేం రైలుందా!" అనేది అత్తగారు. అంటూనే ఆయన గిన్నెలో ఇంకో చేప ముక్క వేసేది.

అత్తగారి పేరు సూ కియావ్. బజార్లో ఆ పేరు చెబితే ఎవరికీ తెలియదు, గంజి ముసలమ్మ అంటే తెలుస్తుంది. ఆస్పత్రిలో మనవాళ్ళున్నారంటే ముందు ఆమె బండి దగ్గరికే వచ్చి క్యారియర్ నింపుకుని పోయేవారు. అలాంటి మనిషి ఒకరోజు గంజిలో ఉప్పు వేసి, వెంటనే మళ్ళీ వేసి, మళ్ళీ డబ్బా అందుకుంది. గైక్ సిమ్ చెయ్యి పట్టుకుంటే, "ఎవరు నువ్వు, నా బండి దగ్గర నీకేం పని" అని గరిటె ఎత్తింది. డాక్టరు డిమెన్షియా అన్నాడు. బూన్ తేక్ ఆ మాట కాగితం మీద రాయించుకుని జేబులో పెట్టుకున్నాడు, మందుల షాపులో అడిగితే ఏదో ఇస్తారని.

మందులు వాడారు. ముసలావిడ ఒక్కో గదీ ఖాళీ చేసుకుంటూ పోతున్నట్టు ఒక్కోటీ మరిచిపోయింది. కొడుకుని మరిచిపోయింది. కూతురు బీ లువాన్‌ని మరిచిపోయింది. కోడలిని మాత్రం మరో రకంగా గుర్తుపెట్టుకుంది.

"ఎవరమ్మాయివే నువ్వు?"

"బాలిక్ పులావ్‌లో తోటవాళ్ళమ్మాయిని."

"మీ అత్తకి పెట్టావా ఇవాళ?"

"పెట్టానమ్మా."

"మంచిదేనా మీ అత్త?"

"మంచిదే. నోరే కాస్త పెద్దది."

"నా కోడలూ మంచిదే. పొయ్యి విషయంలోనే మొండిముండ."

గైక్ సిమ్ పగలబడి నవ్వింది. తర్వాత వెనక పెరట్లోకి వెళ్ళి, కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. అన్నేళ్ళలో తనని మంచిదని ఆవిడ అనడం అదే మొదటిసారి. అదీ ఎవరో అనుకుని అంది.

తర్వాత నడక పోయింది, మాటలు పోయాయి. మేడ మీది మంచం కిందికి దించి ముందు గదిలో వేశారు. మాటలన్నీ పోయినా ఒకటి ఉండిపోయింది. గిన్నె పట్టుకుని "మా, తినండి" అంటే, ఎక్కడో అడుగు నుంచి "ఊఁ, తిను" అని వచ్చేది. కొన్నాళ్ళకి అది కూడా పోయి, పిలిచినప్పుడు నోరు తెరవడం మాత్రం మిగిలింది. తెరిచిన నోట్లో గైక్ సిమ్ గంజి పోసేది. ముసలావిడ ఆ గంజిని బుగ్గన పెట్టుకుని అలాగే ఉండేది. ఎప్పటికో మింగేది, పొలమారేది, మొహం కందగడ్డలా అయ్యేది. జ్వరం వచ్చి ఆస్పత్రిలో చేరిస్తే, తిండి ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు. సెలైను సూది పీకేస్తోందని చేతులు రెండూ గుడ్డతో మంచానికి కట్టారు. జ్వరం తగ్గాక ఇంటికి పంపుతూ, ఇక మళ్ళీ మళ్ళీ ఇలాగే వస్తుంది, ఆఖరి రోజుల్లో ఇంటికొచ్చి చూసే హాస్పీస్ వాళ్ళని కలవండి అన్నారు.

హాస్పీస్ అంటే చావు కోసం ఎదురుచూసేవాళ్ళని బీ లువాన్ అంది. ఆవిడ బూన్ తేక్‌కి అక్క, నీళ్ళకవతల బటర్‌వర్త్‌లో ఉంటుంది, ఆదివారాలు ఫెర్రీ ఎక్కి వస్తుంది. వచ్చిన నర్సు జవియా మాత్రం ఎవరి చావు కోసమూ చూస్తున్నట్టు లేదు. చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతులు కడుక్కుని, ముసలావిడ పక్కన కూర్చుని, నోట్లో లైటు వేసి చూసింది. బుగ్గలో పొద్దుటి గంజి ఇంకా ఉంది. వేలికి గుడ్డ చుట్టుకుని నెమ్మదిగా తీసేసింది.

"ఆంటీ, ఈ జబ్బు జ్ఞాపకాన్ని తిని ఊరుకోదు. నడవడం ఎలాగో మరిచిపోయారు, చూశారుగా? ఇప్పుడు మింగడం ఎలాగో మరిచిపోతున్నారు. ఇది ఆఖరి మజిలీ."

"తినకపోతే పోతుంది కదా మిస్సీ?" అంది గైక్ సిమ్. నర్సుల్ని అక్కడ అలాగే పిలుస్తారు.

"పోయే దారిలో ఉన్నారు కాబట్టి తినడం లేదు. ఒంటికి ఇప్పుడు తిండి అక్కర్లేదు. పెడితే అదే బరువు."

"ఆకలెయ్యదా?"

"మనకేసినట్టు వెయ్యదు. నోరు ఎండుతుంది. అది మన చేతిలో ఉంది. దూది తడిపి పెదాలకి రాయండి. మెలకువగా ఉండి, తనంతట తాను నాలుక చాపితే, చెంచా చివరతో ఓ చుక్క. అది కడుపు నింపడానికి కాదు, రుచికి. తల తిప్పేసుకుంటే వదిలెయ్యండి."

"తల తిప్పుకోదు. నోరు తెరుస్తుంది" అంది గైక్ సిమ్, కాస్త గర్వంగానే. "చూడండి." గిన్నె అందుకుని "మా, తినండి" అంది. ముసలావిడ నోరు తెరిచింది.

జవియా చెంచా తను తీసుకుంది. ఆ నోరు మూసుకునేదాకా ఆగి, ఏమీ అనకుండా, పెదాలకి తాకించింది. పెదాలు బిగుసుకున్నాయి. ఇంకాస్త ఆగి మళ్ళీ తాకించింది. మొహం గోడవైపు తిరిగింది. "ఇప్పుడు పిలవండి" అంది. గైక్ సిమ్ పిలిచింది. నోరు తెరుచుకుంది.

జవియా చెంచా గిన్నెలో పెట్టేసింది. ఈ పిల్ల మలాయ్ ఇంటి పిల్ల, కానీ హొక్కియన్ మాట్లాడే చీనావాళ్ళ వీధిలోనే పుట్టి పెరిగింది. ఏం జరుగుతోందో ఆమెకి అర్థమైంది. 

"ఆకలికి కాదు ఆంటీ. మీరు పిలిచారు కదా, జవాబు చెబుతున్నారు. మాట రావడం లేదు, అంతే."

గైక్ సిమ్ చేతిలోని గిన్నె వైపు చూసింది. ఇన్నాళ్ళూ "ఊఁ, తిను" అనబోయిన నోట్లో గంజి పోసింది తను. ఆవిడ మర్యాదగా పలకబోయినప్పుడల్లా పొలమారేలా చేసింది తను. గిన్నె ఎక్కడ పెట్టాలో తోచక ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే ఏం చెయ్యమంటావు?"

"కొన్నాళ్ళు పిలవకండి."

"అదేం మాట మిస్సీ! చచ్చిపోయిన మామగారినే పిలుస్తాం. బతికున్న మనిషిని ఇంట్లో పెట్టుకుని పిలవకుండా తినమంటావా? కుక్కకైనా ఇలా చెయ్యం."

జవియా సంచీ తెరిచింది. ఆయాసం వస్తే బుగ్గలో వెయ్యాల్సిన చుక్కల మందు ఇచ్చింది, పక్కకి ఎలా ఒత్తిగిలించాలో చూపించింది, ఏ వేళకైనా ఫోన్ చెయ్యమంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి గైక్ సిమ్ భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

పిలవకుండా ఉండడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. ముందు గదిలో బల్ల దగ్గర కూర్చుంటే నోటికి దానంతట అదే వచ్చేస్తుంది. అందుకని బల్ల వదిలేశారు. గైక్ సిమ్ వెనక వంటింట్లో, గోడవైపు తిరిగి, నిలబడి తినేది, దొంగతిండి తిన్నట్టు. బూన్ తేక్ కాఫీ కొట్టులో తిని వచ్చేవాడు. ఎప్పుడూ గిన్నెల చప్పుడు ఉండే ఇల్లు మూగదైపోయింది. రోజంతా ఊరికి గంజి పోసి వచ్చి, మంచం పక్కన కూర్చుని, గంజి తేటలో దూది ముంచి పెదాలకి రాసేది గైక్ సిమ్. ముసలావిడ ఒక్కోసారి ఆ తడిని చప్పరించేది. మరోసారి అదీ లేదు. ఎముకలు తేలిన ఆ మొహం చూస్తూ, మనిషి కళ్ళముందు కరిగిపోతుంటే దూది పట్టుకుని కూర్చోవడమేనా నా బతుకు అనుకునేది. ఆమె చెయ్యగలిగింది అంతే ఉంది మరి.

ఆదివారం బీ లువాన్ వచ్చింది. పక్షిగూళ్ళ సూపు ఫ్లాస్కు నిండా తెచ్చింది, పండగలకి కూడా ఎవరూ అంత ఖరీదైనది కొనరు. గైక్ సిమ్ మిస్సీ చెప్పిందంతా చెప్పింది. వదినగారు వింటూనే ఫ్లాస్కు మూత తిప్పింది.

"ఎవరో పిల్ల వచ్చి చెప్పిందని మా అమ్మ కడుపు మాడుస్తావా? కోడలివి కాబట్టి చేతులొచ్చాయి నీకు."

"వదినా, మింగలేదు వదినా. దయచేసి వద్దు."

"మా! మా, నేను బీ లువాన్‌ని. తిను మా!"

ముసలావిడ నోరు తెరిచింది.

"చూడు! చూడవే! ఎంత ఆకలితో ఉందో!" బీ లువాన్ కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. చెంచా నోట్లోకి పోయింది. గైక్ సిమ్ చెయ్యి సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆవిడ కన్నకూతురు, తను బయటినుంచి వచ్చింది. ఆ సగం దూరంలోనే అంతా జరిగిపోయింది. సూపు పొలమారింది, కళ్ళు తేలేశాయి, పెదాలు నీలంగా మారాయి, గొంతులో గరగర మొదలైంది. బీ లువాన్ కెవ్వున అరిచి వెనక్కి జరిగింది. ఒత్తిగిలించింది గైక్ సిమ్, నోట్లోది తుడిచింది గైక్ సిమ్, చుక్కల మందు వేసింది కూడా ఆమే. ఫోన్ చేస్తే జవియా వచ్చేసరికి ఆయాసం తగ్గింది కానీ ఒళ్ళు కాలిపోతోంది.

"ముక్కులోంచి గొట్టం వెయ్యండి" అంది బీ లువాన్, నేల మీద కూలబడి. "మింగక్కర్లేదు కదా. తిన్నగా కడుపులోకే పోతుంది కదా. అందరికీ వేస్తారు, మా అమ్మకే ఎందుకు వెయ్యరు?"

"వేయించాలంటే ఆస్పత్రికి తీసుకెళ్ళొచ్చు" అంది జవియా. "వేసినా ఈ జబ్బులో ఆయుష్షు పెరగదు. కడుపులోది పైకి తన్ని మళ్ళీ ఊపిరితిత్తుల్లోకే పోవచ్చు. కానీ నిర్ణయం మీది."

"మా అమ్మ ఆకలితో పోతే ఆకలి దయ్యమై తిరుగుతుంది. దయ్యాలు తిరిగే ఏడో నెలలో నీ గుమ్మం ముందే నిలబడుతుంది సిమ్, గుర్తుపెట్టుకో."

అందరూ గుమ్మం దగ్గర నిలబడ్డ బూన్ తేక్ వైపు చూశారు. అతను నేల చూపులు చూస్తూ, "సిమ్ ఏమంటే అదే" అన్నాడు.

గైక్ సిమ్ ఒంటికాలి మీద లేచింది. "నా నెత్తిన పెడతావేం? అమ్మ నీకు, ఆవిడకి. కనీసం ఇవాళైనా నోరు విప్పు తేక్!"

"ఇన్నేళ్ళూ పెట్టింది నువ్వే కదా" అన్నాడతను. ఆ గొంతు విని ఆమెకి కోపం కూడా మిగల్లేదు.

నిజం చెప్పాలంటే గొట్టం వేయించాలనే ఉంది ఆమెకి. వేస్తే మళ్ళీ గిన్నె చేతికొస్తుంది, గంజి వడకట్టొచ్చు, పోయొచ్చు, పెట్టానని అనుకోవచ్చు. వద్దంటే మిగిలేది దూదీ, వదిన శాపమూ. అలాంటి చోట మనిషి ఏం చెప్పినా తప్పే. మంచం మీదున్న ఆ చేతుల వైపు చూసింది. మణికట్టు దగ్గర ఆస్పత్రి గుడ్డ ఒరుసుకున్న చార ఇంకా మానలేదు.

"గొట్టం వేస్తే చేతులు కట్టేస్తారా మిస్సీ?"

"లాగేస్తుంటే కడతారు."

"లాగేస్తుంది. గరిటె ఎత్తిన చెయ్యి అది." ఆ చార మీదికి దుప్పటి లాగి, "వద్దు" అంది.

బీ లువాన్ ఫ్లాస్కు తీసుకుని ఫెర్రీకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ముసలావిడ ఎక్కువగా నిద్రలోనే ఉంది. మందువల్ల బాధ లేదని జవియా అంది. లేదనే అనుకోవాలి, అడిగితే చెప్పే మనిషి కాదు కదా. ఒక మధ్యాహ్నం బజారు నుంచి వచ్చి పెదాలు తడిపి, దుప్పటి సర్ది, గైక్ సిమ్ వంటింట్లోకి వెళ్ళింది. గోడవైపు తిరిగి చల్లారిన గంజి తాగుతోంది. ముందు గదిలో ఊపిరి చప్పుడు ఆగిపోయింది. నోట్లో గుక్క ఉంది. మింగాలో ఉమ్మాలో తెలియలేదు. మింగేసి పరిగెత్తింది. అప్పటికే అయిపోయింది. ఆవిడ ఆఖరి ఊపిరి తీస్తున్నప్పుడు తను పిలవకుండా తింటూ ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరో ఒకరు ఓదారుస్తారు, ఆ ఓదార్పు ఆమెకి అక్కర్లేదు.

మర్నాడు ముందు గదిలో శవపెట్టె, పెట్టె కాళ్ళ దగ్గర చిన్న బల్ల, బల్ల మీద గంజి గిన్నె, పుల్లలు. సంతాపానికి గోనెగుడ్డ కట్టుకున్న అయినవాళ్ళు, బజారు జనం, ఓ పక్కన జవియా, మొహం వాచిపోయిన బీ లువాన్. తంతు నడిపించే పెద్దాయన, "పిలవండమ్మా" అన్నాడు.

"మా, తినండి" అంది గైక్ సిమ్. ఎన్నాళ్ళ తర్వాతో నోట్లోంచి వచ్చిన ఆ మాట వీధిలోకి వినబడింది. ఇప్పుడు పిలిచినా పొలమారదు.

అగరొత్తులు సగం కాలాయి. బూన్ తేక్ నాణేలు వేసి అడిగాడు. రెండూ ఒకేలా పడ్డాయి. ఆగి మళ్ళీ వేశాడు. మళ్ళీ అంతే. నాణేలు పెళ్ళానికి ఇచ్చి, "నువ్వడుగు. నీకైతే పలుకుతుంది" అన్నాడు. గైక్ సిమ్ మోకాళ్ళ మీద కూర్చుని వేసింది. రెండూ ఒకేలా పడ్డాయి.

బీ లువాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "చెప్పానా... ఆకలితో పోయిందని చెప్పానా..."

ఆ మాట అబద్ధమని అనడానికి గైక్ సిమ్ దగ్గర ఏమీ లేదు. నిజమని ఒప్పుకోవడానికి ధైర్యమూ లేదు. మళ్ళీ వేస్తే ఏం పడుతుందోనని భయం వేసి, నాణేలు ఏరి గుప్పిట మూసేసింది.

"ఇంకోసారి వెయ్యమ్మా" అన్నాడు పెద్దాయన మెల్లిగా. "జనం భోజనాలకి చూస్తున్నారు."

"మనకేం రైలుందా!" అంది గైక్ సిమ్.  "తిననివ్వండి. ఎన్నాళ్ళయిందో ఆవిడ తిని."

లేచి వంటింట్లోకి వెళ్ళి, చల్లారిన గంజి తీసేసి, పొయ్యి మీది వేడి గంజి గిన్నె నిండా పోసుకొచ్చి పెట్టి, మళ్ళీ పిలిచింది. ఆవిడ తినడం అయ్యేదాకా ఆ ఇంట్లో ఎవరూ ముద్ద ఎత్తలేదు.